ఆర్కైవ్స్ భవనానికి కావలి బొర్రయ్య పేరు పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రభుత్వ భవనాలకు ఎవరి పేర్లు పెట్టాలి, ఎవరివి తీసెయ్యాలి అనే గొడవ మీద మీ పేజీలో వచ్చే ఉత్తరాలు నేను వదలకుండా చదువుతాను. సగం మంది మా నాయకుడి పేరు ఎందుకు తీశారంటారు, మిగతా సగం మంది అసలు ఆ పేరు ఎవరు పెట్టమన్నారంటారు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది, ఈ మధ్యలో బోర్డులూ లెటర్‌హెడ్లూ సర్టిఫికెట్లూ మార్చిన ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. నేను ఆ గొడవలోకి రావడం లేదు. ఎవరికీ ఓట్లు తెచ్చిపెట్టని, అందువల్లే ఏ ప్రభుత్వం వచ్చినా పీకేయాలని అనుకోని ఒక పేరు చెబుదామని ఈ ఉత్తరం.

కావలి వెంకట బొర్రయ్య. రెండువందల ఏళ్ళ కింద మెకంజీ అనే కంపెనీ దొర దగ్గర పనిచేస్తూ మన ఊళ్ళ చరిత్రలు పోగేసిన ఏలూరు మనిషి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజధానిలో ఆర్కైవ్స్ కోసమని సొంతంగా ఒక మంచి భవనం ఎప్పుడు కట్టినా (ఎప్పటికైనా కట్టక తప్పదు, పాత కాగితాలు ఎన్నాళ్ళని అక్కడా ఇక్కడా పడుంటాయి) దాని మీద ఈయన పేరు ఉండాలి, వీలైతే తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి పేర్లు కూడా. ఈ మాట చెన్నైలో కూర్చున్న నేను ఎందుకు చెబుతున్నానంటే, వాళ్ళు ఊరూరా తిరిగి పోగేసిన తెలుగు కాగితాలు ఉన్నది మా ఊళ్ళోనే. కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఏడో అంతస్తులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది, పూర్వం మద్రాసు యూనివర్సిటీ ఆవరణలో ఉండేది. అక్కడికెళ్ళి అడిగితే కైఫియతులు, అంటే ఊళ్ళవాళ్ళని అడిగి రాసిన ఆ ఊరూరి చరిత్రలు, చూడొచ్చు. చెన్నైలో ఇన్ని లక్షల మంది తెలుగువాళ్ళం ఉన్నాం, ఆ ఏడో అంతస్తుకి లిఫ్టు ఎక్కినవాళ్ళు ఎంతమందో అడక్కండి.

బొర్రయ్య ఎవరో చాలామందికి తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, మన పాఠ్యపుస్తకాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ పేరు ఒక లైనులో వస్తుంది, ఆ లైను కూడా దాటి వెళ్ళేవాళ్ళు తక్కువ. మెకంజీ స్కాట్లండ్ దగ్గరి ఒక దీవి వాడు, 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు, టిప్పు సుల్తాను పోయాక మైసూరు సర్వే చేశాడు, 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. కొలతలు గొలుసులు పట్టుకుని తిరిగే మనిషి మాత్రమే అయితే మనకు ఆయనతో పని లేదు. పోయిన ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరి గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎప్పుడు తవ్వారు, కరణీకం ఏ ఇంటివారికి ఎలా వచ్చింది అని అడిగి రాయించాడు, శాసనాలకు నకళ్ళు తీయించాడు. ఆయన పోయాక విల్సన్ అనే ఇంగ్లీషు పండితుడు 1828లో వేసిన కేటలాగు ప్రకారం ఈ సేకరణలో సాహిత్య గ్రంథాల ప్రతులు 1568, స్థానిక చరిత్రలు 2070, శాసనాల నకళ్ళు 8076. ఒక్క మనిషి జీవితంలో అయ్యే పనేనా ఇది? పైగా మెకంజీకి మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే దాచుకోలేదు. 1817లో జాన్‌స్టన్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో, భారతీయ విజ్ఞానం అనే ద్వారంలోకి తనను మొదట తీసుకెళ్ళింది బొర్రయ్యేనని ఒప్పుకున్నాడు. అప్పటికి బొర్రయ్య పోయి పద్నాలుగేళ్ళు.

ఏలూరు నియోగుల ఇంట 1776లో పుట్టి 1803లో పోయాడు బొర్రయ్య. 27 ఏళ్ళు. మెకంజీ దగ్గర పనిచేసింది మహా అయితే ఏడెనిమిదేళ్ళు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషుతో పాటు పాత కన్నడ లిపి కూడా కుస్తీ పట్టి నేర్చుకున్నాడు, మైసూరు సీమలో రాళ్ళ మీద ఉన్నది చదవడానికి. ఊళ్ళోకి ముందు తను వెళ్ళి కరణాన్నీ పెద్దలనూ కూర్చోబెట్టి, ఇంట్లో అటకెక్కించిన దండకవిలెలు (కరణాలు రాసుకున్న పాత ఊరి రికార్డులు) దింపించి, భయం లేదు పన్ను కోసం కాదు అని నచ్చజెప్పి రాసుకొచ్చే పద్ధతి ఆయన నిలబెట్టిందే. కంపెనీ వాడు పంపిన మనిషంటే ఊళ్ళో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి, ఆ రోజుల్లో ఒక కరణం తన కవిలె కట్ట ఇంకొకడి చేతిలో పెట్టడమంటే మాటలు కాదు. అన్న పోయాక ఆ పని లక్ష్మయ్య ఎత్తుకున్నాడు, మెకంజీ బతికున్నంతకాలం ఆయన వెన్నంటే ఉన్నాడు. రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల చరిత్ర ఇంగ్లీషులో అచ్చు వేశాడు. ఒక తెలుగువాడు మన కవుల గురించి ఇంగ్లీషులో అంత ముందే పుస్తకం వేశాడని ఎంతమందికి తెలుసు?

ఒకసారి కైఫియతు తెరిచి చూడండి. గుంటూరు సీమవైతే "కయిఫియ్యతు మౌజే" అని ఊరి పేరుతో మొదలుపెట్టి, ఏ తాలూకా, సర్కారు మృతుజాంన్నగరు అని చెప్పి గానీ కథలోకి వెళ్ళరు. పదాల మధ్య ఖాళీ ఉండదు, అరసున్నలూ సున్నలూ ఎక్కడ పడితే అక్కడ, రాసినాయన ఎలా పలికాడో అలాగే రాశాడు, కాబట్టి మనసులో చదివితే బుర్రకెక్కదు, పెదవులు కదుపుతూ చదివితే ఠక్కున అర్థమవుతుంది. గజపతుల కాలంలో గోపరాజు రామన్న కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) పంచిన సంగతి ఊరూరా వస్తూనే ఉంటుంది, ఏ ఇంటివారికి ఎన్ని వంతులు, ఏ శాఖ వారు అని గోత్రాలతో సహా. కాగితం గోధుమరంగు తిరిగిపోయింది, కొన్నిచోట్ల సిరా కాగితాన్నే తినేసి అక్షరం ఉండాల్సిన చోట అక్షరం ఆకారంలోనే చిన్న కంత ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు నా పక్కన తిరుపతి నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని పెన్సిలుతో ఎత్తి రాసుకుంటోంది, "ఈ కంత ‘మ’నా ‘య’నా చూడండి బాబాయిగారూ" అంటే ఇద్దరం కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు కుస్తీ పట్టాం. మా ఊరి కైఫియతులో మా ఊరి చెరువు పేరు కనబడింది, ఇప్పుడా చెరువు ప్లాట్లు అయిపోయింది, ఆ పేరు మా నాన్న తరంతోనే పోయింది.

ఇక ఈ పేరు పెట్టాలనే ఆలోచన ఎక్కడిదంటే, మా అబ్బాయి అమెరికాలో ఆరిజోనాలో చాండ్లర్ అనే ఊళ్ళో ఉంటాడు, మనవాళ్ళు బాగానే ఉన్నారక్కడ. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో కూర్చోలేక ఫీనిక్స్‌లో చూడదగ్గవి ఏమున్నాయిరా అంటే గ్రాండ్ కాన్యన్ చూపిస్తానంటాడు. అదెలాగూ చూశాం. నేను మాత్రం ఆ రాష్ట్ర ఆర్కైవ్స్ భవనం చూస్తానన్నాను. "నాన్నా, అక్కడేముంటుంది, కాగితాలు తప్ప" అన్నాడు. ఆ భవనం పేరు పాలీ రోజెన్‌బామ్ భవనం. నేను ఎవరో గవర్నరు అనుకున్నాను, కాదట, శాసనసభ్యురాలు. బడిపంతులమ్మగా ఉన్నావిడ, 1949లో సభ్యుడిగా ఉన్న భర్త చనిపోతే ఆ స్థానంలోకి వచ్చి 46 ఏళ్ళపాటు శాసనసభలో ఉంది, 2003లో 104 ఏళ్ళ వయసులో పోయింది. మంత్రి కాలేదు గవర్నర్ కాలేదు, గ్రంథాలయాలు మ్యూజియాలు పాత కాగితాలు అంటే మాత్రం సభలో అందరినీ పట్టుకుని వాయించేదట. కాగితాలు పాత కాపిటల్ భవనంలో ఇరుకులో మగ్గుతుంటే కొత్త భవనం కావాలని పోరిన మనిషి, అది 2008లో లేచేసరికి తను లేదు. అందుకని ఆవిడ పేరు పెట్టారు. దేని కోసం కట్టిన భవనమో, దాని కోసం కొట్లాడినవాళ్ళ పేరు. ఎంత సబబుగా ఉంది!

మన దగ్గర లెక్క వేరు. చెన్నైలోనే చూడండి. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, నేను దాని దయ వల్లే ఇన్ని చదివాను, కానీ పేరు మాత్రం 1890లో శంకుస్థాపన చేసిన గవర్నరుది. లైబ్రరీ తెరిచింది 1896లో, అప్పటికి ఆయన దేశంలోనే లేడు. అక్కడికి దగ్గర్లోనే, రైల్వే స్టేషన్ ఎదురుగా, 1909లో మద్రాస్ రికార్డ్ ఆఫీసు కోసం కట్టిన ఎర్ర భవనం, ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్. 1670ల నుంచి కాగితాలున్నాయి, కొచ్చిన్ డచ్చివాళ్ళ కాగితాలు కూడా ఉన్నాయి, ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు రెవిన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ నిండా మన జిల్లాల గొడవలే. డాడ్‌వెల్, బాళిగా లాంటి క్యూరేటర్లు ఆ కాగితాల మధ్యే ఏళ్ళకేళ్ళు గడిపి వాటికి ఒక వరస తెచ్చారు. ఇక తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయం సంగతి వేరు, అది ప్రభుత్వానిది కాదు, కోట్టైయూరులో సైన్‌బోర్డులు రాసుకునే ఒకాయన సొంత డబ్బుతో పోగేసిన పుస్తకాలు, పేరు ఆయనదే. పేరు అంటే అలా ఉండాలి. మనవైపు అలాంటిది ఒకటి లేకపోలేదు. కడపలో బ్రౌన్ దొర ఉండిన చోటే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వచ్చింది, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చందాలు పోగేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించారు. బ్రౌన్ కూడా ప్రభుత్వోద్యోగే కదా, కలెక్టరేట్లలో కోర్టుల్లో పనిచేస్తూ జీతం డబ్బుతో పండితుల్ని పెట్టి ప్రతులు రాయించాడు, లండన్ ఇండియా హౌస్‌లో దక్షిణాది తాళపత్రాలు దిక్కులేకుండా పడి ఉంటే మద్రాసు పంపించేదాకా వదల్లేదు. మెకంజీ కాగితాలు శిథిలమైపోతున్నాయని వాటికి కొత్త నకళ్ళు రాయించింది కూడా ఆయనే. బ్రౌనుకు కడపలో భవనం ఉంది, విగ్రహాలున్నాయి. బొర్రయ్యకు ఏలూరులో ఏముంది?

నాకు అన్నిటికన్నా మంట పుట్టించే సంగతి లక్ష్మయ్యది. మెకంజీ పోయాక సగంలో ఆగిన పని నేను పూర్తి చేస్తాను, అనుమతి ఇచ్చి సాయం చెయ్యండి అని ప్రభుత్వాన్ని అడిగాడు. పాతికేళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నవాడు, ఏ కట్టలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళను సలహా అడిగితే, 1836లో, ఈయనకే కాదు ఏ స్వదేశీయుడికీ ఇంత పనికి తగ్గ యోగ్యత ఉంటుందని చెప్పలేం అని తేల్చేశారు. రాసింది చిన్నా చితకా మనిషి కాదు, బ్రాహ్మీ లిపి చదివాడని మనం ఇప్పటికీ పొగిడే జేమ్స్ ప్రిన్సెప్. పని విలియం టేలర్ అనే పాదిరీగారికి వెళ్ళింది. కాగితాలు పోగేసింది లక్ష్మయ్య, కేటలాగు మీద పేరు టేలర్‌ది. రెండువందల ఏళ్ళు కావస్తోంది, దీనికి మనం ఇచ్చిన జవాబు ఏదీ లేదు.

లండన్ బ్రిటిష్ లైబ్రరీలో థామస్ హికీ 1816లో వేసిన మెకంజీ బొమ్మ ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎర్రకోటు దొర మధ్యలో నిలబడి ఉంటాడు, చుట్టూ ముగ్గురు మనవాళ్ళు, ఒకడి చేతిలో దుర్భిణి, ఒకాయన చేతిలో తాటాకు, వెనక దూరంగా గోమటేశ్వరుడు. తాటాకు పట్టుకున్నది ధర్మయ్య అనే జైన పండితుడనీ, ఒకరు లక్ష్మయ్య అనీ చెబుతారు. బొమ్మకి పేరు మాత్రం కల్నల్ మెకంజీ.

కంపెనీకి ఊడిగం చేసినవాళ్ళ పేరు మన భవనానికా అనేవాళ్ళుంటారని నాకు తెలుసు, మా వీధిలో ఒక మిత్రుడు అప్పుడే అన్నాడు కూడా. సరే, కంపెనీ ఇదంతా మన మీద ప్రేమతో చేయించలేదు, భూమి ఎవరిది, మాన్యం ఎంత, పన్ను ఎక్కడ పెరుగుతుంది అన్నదే వాళ్ళ లెక్క. కానీ బొర్రయ్య రాయించకపోతే ఆ కవిలెలు ఏమయ్యేవి? చెదలకి పోయేవి. మన ఊళ్ళ చరిత్ర రాసిన ప్రతివాడూ, కంపెనీని తిట్టేవాళ్ళతో సహా, కైఫియతులు చూసే రాశాడు. అన్నట్టు బ్రాహ్మణుల పేర్లేనా అని కూడా అడుగుతారు. ధర్మయ్య జైనుడు, ఫారసీ కాగితాలు చూసినవాళ్ళలో ముసల్మానులున్నారు, గుమాస్తాలు బంట్రోతులు చాలామంది. లోపల గోడ మీద దొరికిన పేర్లన్నీ చెక్కించండి, ఎవరొద్దన్నారు.

అయితే ఒక షరతు. బోర్డు పెట్టేసి రిబ్బను కత్తిరించి లోపల కాగితాల్ని గాలికొదిలేసేటట్లయితే అసలు పేరే వద్దు, ఆయన్ని ఇంకోసారి అవమానించినట్టవుతుంది. మా తాతల నాటి ఒక గుడి మాన్యం కాగితం కోసం మా వైపు ఒక ఆఫీసుకి వెళ్ళాను, ఏ ఆఫీసో చెప్పను, అక్కడి గుమాస్తా మంచివాడే, తలుపు తీసి చూపించాడు. కప్పు కారి రిజిస్టర్లు తడిసిన అప్పడాల కట్టలా ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీయబోతే పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. "మీరైనా వచ్చారండీ, ఎవరూ అడగరు" అన్నాడాయన. కేంద్రానికి 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది, ఇష్టం వచ్చినట్టు రికార్డులు తగలేస్తే అయిదేళ్ళ దాకా జైలు అని కూడా రాశారు, కానీ అది కేంద్రం ఆఫీసులకీ కేంద్రపాలిత ప్రాంతాలకీ. మన తాలూకా ఆఫీసు బీరువాకి దాంతో సంబంధం లేదు. సముద్రపు గాలి, ఉక్క, వానలు, కరెంటు కోతలు ఉన్న చోట కాగితం బతకాలంటే ఏసీ రాత్రిపూట కూడా నడవాలి, తాటాకుకి నిమ్మగడ్డి నూనె రాయాలి, చిరిగినదానికి టిష్యూ అతికే చెయ్యి తిరిగిన మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. శంకుస్థాపనలో ఫొటో దిగడానికి ఇవేవీ పనికిరావు, అందుకే బడ్జెట్‌లో మొదట కోసేది వీటినే.

కాబట్టి నేను కోరేది ఇది. బొర్రయ్య భవనంలో చదువుకునేవాళ్ళ కోసం ఒక హాలు, ఐడీ కార్డు చూపిస్తే ఎవరినైనా రానివ్వాలి, ఆ లెటరూ ఈ లెటరూ అనకుండా. చెన్నైలో ఉన్న తెలుగు కైఫియతులన్నిటికీ తమిళనాడు ప్రభుత్వంతో మాట్లాడి మంచి స్కానింగ్ చేయించి ఒక ప్రతి అక్కడ పెట్టాలి, అసలువి ఇక్కడే ఉండనివ్వండి, వాటిని లాక్కుపోవాలని నా ఉద్దేశం కాదు, ఇన్నాళ్ళు కాపాడింది ఈ ఊరే. అచ్చయినవి కొన్నే, మిగతావి కూడా జిల్లాల వారీగా అచ్చు వేయాలి. తెలంగాణ వాళ్ళకి తార్నాకలో ఆర్కైవ్స్ ఉంది, వాళ్ళూ కలిస్తే మరీ మంచిది, కాగితాలకి రాష్ట్ర విభజన ఏమిటి.

చెన్నైలో తెలుగు సంఘాలు తక్కువేం లేవు, మైలాపూరులో అమరజీవి పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనంలో మీటింగులు బాగానే జరుగుతాయి, శాలువాలు బాగానే కప్పుతారు. ఈసారి ఒక మీటింగు కోట్టూర్‌పురం ఏడో అంతస్తుకి పిల్లల్ని తీసుకెళ్ళి పెట్టండి, తర్వాత అందరూ సంతకాలు చేసి అమరావతికి ఒక అర్జీ పంపుదాం. అర్జీ చిత్తు ప్రతి నేను రాసి ఉంచాను, కావలసినవాళ్ళకి పత్రిక ద్వారా అందిస్తాను. ఏలూరు పాఠకుల్లో ఎవరికైనా కావలివారి ఇల్లు ఏ వీధిలో ఉండేదో, వాళ్ళ వంశంవారు ఇప్పుడు ఎక్కడున్నారో తెలిస్తే దయచేసి ఇదే పేజీకి రాయండి, అర్జీలో మొదటి సంతకం వాళ్ళది ఉంటే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై